పూజ గదిలో ఉష్మాల్ రాయి

మా అమ్మ ఆ రాయి తీసినప్పుడు నేను గైడుతో బేరంలో ఉన్నాను.

ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. "నువ్వు పక్కనే ఉన్నవ్ గదా, జెర చూస్కోవద్దా" అని మా ఆయన ఆ తర్వాత అడిగిన ప్రతిసారీ నా దగ్గరున్న జవాబు అదొక్కటే. పక్కనే ఉన్నాను. కానీ ఆ గైడు రెండు కట్టడాలు చూపించి, మిగతావి చూడాలంటే వేరే రేటు అన్నాడు. ఊరంతా ఒకటే ఊరు కదయ్యా, ఒక ఊరికి రెండు రేట్లేమిటని నేను అడిగాను. ఆయన నవ్వాడు. నవ్వాడంటే దిగుతాడని అర్థం. తెనాలిలో మా స్టీలు సామాన్ల కొట్లో గల్లా పెట్టె పక్కన కూర్చుని పెరిగినదాన్ని, ఆ నవ్వు చూసి వదిలిపెట్టి రావడం నా వల్ల కాదు.

అసలు ఆ ప్రయాణమే బేరం. మా ఆయన క్రెడిట్ కార్డు మీద పోగైన విమానం మైళ్ళు గడువు దాటిపోతున్నాయి. వాడకపోతే గాలికి పోతాయి. డాలస్ నుంచి మెక్సికోలోని మెరిదాకి ఆ మైళ్ళు సరిపోతాయి. అమ్మ ఇండియా నుంచి వచ్చి మా ఇంట్లో ఉంటోంది, ఆమె అమెరికా వీసా మీద మెక్సికోకి వెళ్ళి రావచ్చు. పిరమిడ్లంటే నాకు పెద్ద ఇష్టమేమీ లేదు. ఊరికే వచ్చేదాన్ని వదులుకోవడం ఇష్టం లేదు, అంతే.

ఉష్మాల్ వెయ్యేళ్ళ క్రితం నాటి ఊరు, మాయా అనే జాతివాళ్ళు కట్టుకున్నది. మెరిదా నుంచి ముగ్గురం అద్దె కారులో వెళ్ళాం. పొద్దున్నే చేరినా ఎండ అప్పటికే తెనాలి మే నెలలా ఉంది. గేటు దాటగానే ఒక పిరమిడ్ ఎదురొచ్చింది. మూలలు గుండ్రంగా తిరిగి, పైకి వెళ్ళేకొద్దీ నిట్టనిలువుగా ఉంది. మెట్ల మీద మూరెడేసి తొండలు ఎండకి పడుకుని ఉన్నాయి. అమ్మ చెప్పులు విప్పేసింది.

"అమ్మా, కాళ్ళు కాలతాయి. ఇది గుడి కాదు, మ్యూజియం లాంటిది."

"గుడి కాదా? అయితే ఆ పైన గర్భగుడి ఎందుకు కట్టారు?"

గైడుని అడిగాను. గుడేనన్నాడు. అమ్మ నా వైపు చూసిన చూపుకి నేను నీళ్ళ సీసా మూత తీసి తాగినట్టు నటించాను.

ఆ ఊళ్ళో ఏరు లేదట. చెరువూ లేదు. వాన నీళ్ళు నేల కింద తొట్లు తవ్వి దాచుకుని బతికారట. అందుకని ఎక్కడ చూసినా వానదేవుడే. గోడల మూలల్లో ఆయన మొహాలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. గుండ్రటి కళ్ళు, తెరిచిన నోరు, ముందుకు పొడుచుకొచ్చి కొసన వంపు తిరిగిన పొడవాటి ముక్కు. చూస్తున్న నాకూ ఏదో గుర్తొస్తోంది కానీ పైకి అనలేదు. అమ్మ అనేసింది.

"తొండమే."

"ముక్కమ్మా అది. వానదేవుడు."

"తొండం కళ్ళెదురుగా కనిపిస్తుంటే ముక్కంటాడేమిటి ఆ అబ్బాయి? విఘ్నేశ్వరుడే. ఇక్కడివాళ్ళు పేరు మార్చి పిలుచుకుంటున్నారు." చేతులు జోడించి, చెవులు పట్టుకుని మూడు గుంజీళ్ళు తీసింది. ఆమె మోకాళ్ళకి అవి గుంజీళ్ళు కావు, తల ఊపడం. పక్కన నిలబడ్డ జర్మన్ దంపతులు అదేదో వ్యాయామమనుకుని గౌరవంగా తప్పుకున్నారు.

గోడల మీద నుంచి రాలిపడిన చెక్కుడు రాళ్ళని అక్కడివాళ్ళు గడ్డి మీద వరసలుగా పేర్చి పెట్టారు. కళ్ళన్నీ ఒక వరస, పళ్ళన్నీ ఒక వరస, ముక్కులన్నీ ఒక వరస. మా కొట్లో గ్లాసులు, గరిటెలు విడివిడిగా సర్దినట్టు. ఆ వరసల పక్కన చెట్టు నీడ ఉంది. నేను కూర్చుంటాను, నువ్వు మాట్లాడుకో అంది అమ్మ. మా ఆయన ఫొటోలు తీసుకుంటూ ముందుకు వెళ్ళిపోయాడు. నేను గైడు వైపు తిరిగాను. బేరం కుదిరింది. చివరికి సగంకన్నా కొంచెం ఎక్కువకి మిగతా ఊరంతా చూపించాడు. గెలిచానన్న సంబరంలో అమ్మ చేతిసంచి బరువెక్కిందని గమనించలేదు. గమనించినా నీళ్ళ సీసా అనుకునేదాన్నేమో.

డాలస్‌లో దిగాక కస్టమ్స్ అధికారి ముగ్గురినీ కలిపి అడిగాడు, చెప్పవలసిన వస్తువులేమైనా తెచ్చారా అని. మా ఆయన నోరు తెరిచేలోపు, అమ్మకి ఇంగ్లీషు రాదు కాబట్టి ఆమె తరఫున కూడా నేనే చెప్పాను. "నథింగ్. ఓన్లీ చాక్లెట్స్." గట్టిగా, నవ్వుతూ చెప్పాను. సరుకు గురించి ఎవరడిగినా తడుముకోకుండా చెప్పడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు.

వారం తర్వాత ఒక సాయంత్రం పూజ గదిలో దీపం పెట్టబోయి చూశాను. పూజ గదంటే మా ఇంట్లో మెట్ల కింద ఉన్న క్లోజెట్. వెంకటేశ్వరస్వామి పటం ముందు, వెండి కుందుల మధ్య, అరచేతిలో పట్టేంత రాయి. సున్నపురాయి రంగు. ఒక కొస విరిగి ఉంది, రెండో కొస వంపు తిరిగి ఉంది. ఒళ్ళంతా పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు, పైన గరిక. ఆ గరిక మా లాన్‌దే. మా కాలనీ అసోసియేషన్ వాళ్ళు ఎత్తు పెరిగితే ఉత్తరాలు పంపించే బెర్ముడా గడ్డి.

"అమ్మా! ఇదేమిటి?"

వంటింట్లోంచి జవాబు వచ్చింది. "వినాయకుడు."

"ఎక్కడిది?"

"మొన్న వెళ్ళాం కదే, ఆ గుడి దగ్గరిది. ఊరికే పడుంది."

"ఊరికే పడి లేదు. వరసగా పేర్చి పెట్టారు."

"వరసలో చివరిది. కొంచెం పక్కకి ఉంది. ఎవరైనా తొక్కుతారని తీశాను." చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "కాశీ నుంచి గంగ తెచ్చుకోమా? పుణ్యక్షేత్రానికి వెళ్ళి వట్టి చేతులతో వస్తామా? నువ్వు చాక్లెట్లు తెచ్చావు."

"ఎయిర్‌పోర్టు ఎలా దాటింది?"

"మందుల సంచిలో, స్వెటర్లో చుట్టి. నన్నెవరూ అడగలేదు."

"నన్నడిగారమ్మా! నేను ఏమీ లేదన్నాను!"

"నువ్వు తెచ్చావా? లేదు కదా. నువ్వు నిజమే చెప్పావు."

మా అమ్మతో వాదించి గెలిచిన సరుకుల ఏజెంటు తెనాలి బజారులో లేడు. నాన్న బేరం చెడగొట్టుకున్నప్పుడు లోపలినుంచి వచ్చి అతికించేది ఆమే.

నా భయానికి కారణం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. నా పౌరసత్వం ఇంటర్వ్యూ పిలుపు. ఆ సోమవారం కాక పై సోమవారం. నేను సిటిజన్ అయితే అమ్మకి గ్రీన్‌కార్డుకి అప్లై చేయవచ్చు. ఇప్పుడు నాలా గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్ళకి ఆ వీలు లేదు. ఆరు నెలలకే గడువు ముగిసిందని మోకాళ్ళ నొప్పులతో ఆమె విమానాలెక్కే బాధ తప్పుతుంది. ఆ ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న ఉందని అందరికీ తెలుసు. పోలీసులకి దొరకని నేరం ఎప్పుడైనా చేశారా అని, ప్రమాణం చేయించి మరీ అడుగుతారు. అప్లికేషన్‌లో దానికి 'నో' అని పెట్టినప్పుడు నేను ఒక్క క్షణం కూడా ఆగలేదు.

మా ఆయన రాయి చూసి ముందు దణ్ణం పెట్టాడు. తర్వాత విషయం విని కుర్చీలో కూలబడ్డాడు. ఆయనది కరీంనగర్. ఆఫీసులో రూల్సు గురించి పెట్టే కంప్లయన్స్ ట్రైనింగులు అందరికంటే ముందు పూర్తి చేసే మనిషి.

"అత్తమ్మా, గిది మామూలు రాయి గాదు. ఆ దేశం ఆస్తి. ఫెడరల్ మ్యాటర్."

"ఒక్క ముక్కకే దేశం ఆస్తి తరుగుతుందా బాబూ?"

"గట్ల గాదు అత్తమ్మా…" అని నా వైపు చూశాడు. "నీకు తెల్వదు, సరే. ఇప్పుడు తెలిసింది గదా. ఇప్పటిసంది లెక్క నీది."

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. నేను ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు చూస్తాను. జనం చెప్పేదాంట్లో ఎక్కడ అతుకు ఉందో కనిపెట్టడం నా ఉద్యోగం. "మా అమ్మ దేవుడనుకుని తెచ్చింది, నాకు వారం దాకా తెలీదు" అని ఎవరైనా నా బల్ల ముందుకొచ్చి చెబితే నేనేం చేస్తానో నాకు తెలుసు. ఫైలు పక్కన పెట్టి కాఫీకి వెళతాను.

తర్వాత కొన్ని రోజులు ఎలా గడిచాయో చెప్పడానికి సిగ్గేస్తుంది. డోర్‌బెల్ మోగితే పార్సిల్ అబ్బాయని తెలిసీ తెర వెనక నుంచి చూసేదాన్ని. దారిలో పోలీసు కారు వెనకొస్తే నిమ్మళంగా కనిపించాలని పాట పెట్టేదాన్ని, ఏ పాట పెట్టానో తెలిసేది కాదు. ఇంటికొచ్చిన స్నేహితురాలు దేవుడికి దణ్ణం పెట్టుకుంటానంటే, మైల అని చెప్పి పూజ గది తలుపు మూసేశాను. ఆమె పాపం ఎవరు పోయారోనని కంగారుపడింది. ఇక్కడ మనవాళ్ళెవరి దగ్గరా ఇమ్మిగ్రేషన్ మాట ఎత్తలేం. ఎత్తితే ప్రతివాళ్ళకీ ఎవరో ఒకరి కథ తెలిసే ఉంటుంది, ఏ కథా సుఖాంతం కాదు.

దారి చూపించింది అమ్మే.

"అంత భయమైతే చెరువులో నిమజ్జనం చేసేద్దామే. చవితి వినాయకుణ్ణి చెయ్యట్లేదూ? దేవుడికీ మర్యాద, నీకూ నిశ్చింత."

నిజం చెప్పాలంటే అంతకంటే చవకైన బేరం ఇంకోటి లేదు. గ్రేప్‌వైన్ చెరువు మా ఇంటికి దగ్గరే. ఎవరూ చూడరు, ఎవరూ అడగరు. మర్నాడు ఆఫీసు నుంచి సగం పూట సెలవు పెట్టి, రాయిని టిఫిన్ డబ్బాలో పెట్టుకుని బయల్దేరాను. మా ఆయనకి చెప్పలేదు.

పడవలు దింపే చోట కారు ఆపి, నీళ్ళ దాకా నడిచాను. ఒకాయన మడత కుర్చీలో కూర్చుని గాలం వేస్తున్నాడు. డబ్బా మూత తీశాను. మొదటిసారి ఆ రాయిని సరిగ్గా చూసింది అప్పుడే. వంపు లోపలి వైపు ఉలి గీతలున్నాయి. ఒకటి కొంచెం తప్పి పక్కకి జారింది. ఎవరిదో చెయ్యి జారిన చోట అమ్మ పసుపు ఇంకి ఉంది.

నాన్న కొట్లో అప్పుడప్పుడూ ఎవరో ఒకావిడ చెంగు చాటున చిన్న గిన్నె దాచుకునేది. కుర్రాళ్ళు అరవబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టేవాడు. గుమ్మం దాకా వెళ్ళి, "అమ్మా, ఆ గిన్నె బిల్లులో వెయ్యడం నేనే మర్చిపోయాను, ఒక్కసారి ఇస్తారా" అనేవాడు. ఆవిడ ఇచ్చేసేది. ఒకావిడ మాత్రం భయపడి సందులోని మురిక్కాలవలో పడేసి పరిగెత్తింది. ఆ గిన్నె దొరకలేదు. ఆరోజు నాన్న భోజనం చెయ్యలేదు. తీసినందుకు కాదు. ఆవిడకీ లేకుండా, మనకీ లేకుండా చేసిందే అని.

గాలం వేస్తున్నాయన నా వైపు చూసి, ఈరోజు చేపలు పడటం లేదన్నాడు. నా చేతిలో ఉన్నది ఎర అనుకున్నాడు కాబోలు. నేను డబ్బా మూత పెట్టేశాను. అదేదో మంచితనం అనుకోవద్దు. ఆ చెరువులో వేస్తే రాయి పోతుంది, భయం నాతోనే ఉంటుంది. సరుకు పోయి అప్పు మిగిలే బేరం ఎవరు చేస్తారు?

ఇంటికెళ్ళి లాయరుకి ఫోన్ చేశాను. ఆవిడ గంటకి తీసుకునే ఫీజు విని, పావుగంటలో నా సంగతి చెప్పేస్తానని బేరమాడాను. పావుగంటలోనే చెప్పాను. ఊపిరి తీసుకోకుండా. ఆవిడ రెండే మాటలంది. ఎవరిదో వాళ్ళకి ఇచ్చెయ్. అడిగితే అబద్ధం చెప్పకు. ఇచ్చేస్తే మరి పౌరసత్వం వస్తుందా అని అడిగాను. అది నేను చెప్పలేనంది. ఆ మాటకి కూడా డబ్బు తీసుకుంది.

మెక్సికో కాన్సులేట్‌కి ఫోన్ చేస్తే శుక్రవారం రమ్మన్నారు. ఇంటర్వ్యూకి ముందు మిగిలిన రోజు అదే. వంటింట్లో అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఎదురుగా కూర్చుని నేనూ రెండు కాయలు చేతిలోకి తీసుకున్నాను.

"శుక్రవారం ఇచ్చేసి వద్దామమ్మా."

ఆమె చెయ్యి ఆగింది. "శుక్రవారమా? శుక్రవారం పూట ఇంట్లో దేవుణ్ణి బయటికి పంపుతారా ఎవరైనా? మీ నాన్న శుక్రవారం అరువు కూడా ఇచ్చేవారు కాదు."

"వేరే రోజు లేదు. సోమవారం నా ఇంటర్వ్యూ."

"మంగళవారమూ పనికిరాదు. బుధవారం పంపిద్దాం."

"బుధవారానికి అంతా అయిపోతుందమ్మా!"

"అయిపోనీ. అడిగితే లేదని చెప్పు."

"ప్రమాణం చేయిస్తారు. చెయ్యెత్తి."

"దేనిమీద చెయ్యేసి?"

"దేనిమీదా కాదు. ఊరికే పైకెత్తితే చాలు."

అమ్మ ఇంకో చిక్కుడుకాయ ఈనె తీసింది. "ఊరికే ఎత్తినా ఒట్టు ఒట్టేలే," అంది.

మెత్తబడింది. ఎదుటివాళ్ళు మెత్తబడినప్పుడు ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యకూడదు. "గురువారమే ఉద్వాసన చెప్పేయమ్మా. ఉద్వాసన చెప్పాక చవితి వినాయకుడు మట్టే అంటావు కదా. ఇదీ అంతే. శుక్రవారం మనం తీసుకెళ్ళేది రాయి, దేవుడు కాదు."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. కొట్లో ఎవరైనా పనికొచ్చే మాట చెబితే చూసే చూపు. తర్వాత తన షరతులు చెప్పింది. ఉండ్రాళ్ళు చేసి నైవేద్యం పెట్టాలి. తీసింది తాను కాబట్టి ఇచ్చేదీ తానే. వాళ్ళు దాన్ని తీసిన చోటే పెట్టాలి.

"మూడోది నా చేతిలో లేదు."

"అడుగు. అడగడానికేం పోయింది?"

గురువారం పొద్దున ఆమె ఉండ్రాళ్ళు పెట్టి, హారతిచ్చి, మంత్రం చెప్పి రాయిని ఈశాన్యం వైపు కొంచెం జరిపింది. నీ చోటికి నువ్వు వెళ్ళు, శుభం కోసం మళ్ళీ రా అని ఆ మంత్రానికి అర్థం.

"అమ్మా, మళ్ళీ రా అన్నది తీసెయ్యి."

"అది తీసేస్తే ఉద్వాసన కాదే, గెంటెయ్యడం అవుతుంది."

మా ఆయన వెనక నుంచి మెల్లగా అన్నాడు. "వీసా తీసుకోని రమ్మనుండ్రి అత్తమ్మా." ఆ వారంలో మా ఇంట్లో ఎవరైనా నవ్వింది అప్పుడొక్కసారే. నవ్వి, మళ్ళీ ఎవరి భయంలోకి వాళ్ళం వెళ్ళిపోయాం.

శుక్రవారం కాన్సులేట్‌లో పాస్‌పోర్టుల కోసం వచ్చిన కుటుంబాల మధ్య కూర్చున్నాం. అమ్మ ఒళ్ళో టిఫిన్ డబ్బా. పిలిచినప్పుడు లోపల ఒక గదిలో నా వయసావిడ కూర్చుని ఉంది. అమ్మ డబ్బా మూత తీసి రెండు చేతులతో ఆమె ముందు పెట్టింది. ఎంత కడిగినా పసుపు పోలేదు.

"ఈ పసుపు రంగేమిటి?" అని ఇంగ్లీషులో అడిగిందావిడ.

చెప్పాను. బేరం నుంచి చెరువు దాకా అంతా. వింటున్నంతసేపు ఆవిడ కనుబొమలు కదల్లేదు. పోలీసుల్ని పిలుస్తుందేమోనని తలుపు వైపే చూస్తున్నాను. చివరికి, అప్పుడప్పుడూ ఇలా తెచ్చి ఇచ్చేవాళ్ళు ఉంటారని మాత్రం అంది. నిజమైనదో కాదో చూసేవాళ్ళు వేరే ఉన్నారట. వాళ్ళు చూశాక మెక్సికోకి పంపిస్తారట. ఆ తర్వాత బహుశా ఏదైనా భద్రపరిచే గదిలో పెడతారట.

అమ్మకి చెప్పాను. ఆమె మొహం మారిపోయింది. "గోదాములో పడేస్తారా? ఎండా వానా తగిలే చోట ఉన్నది. వానదేవుడంటున్నారు కదా మీరే. లోపల పెట్టొద్దని చెప్పు."

అది తొండం కాదు, వానదేవుడి ముక్కేనని అమ్మ ఒప్పుకుందని నేను అప్పుడు గమనించలేదు. చెప్పమన్నది చెప్పాను. ఆవిడ అమ్మ వైపు తిరిగి, "నేను చెబుతాను. వింటారని మాట ఇవ్వలేను," అంది. అమ్మకి తర్జుమా అక్కర్లేకపోయింది. తల ఊపింది.

రాయి అందుకున్నట్టు కాగితం ఇచ్చారు. అందులో రాయి అందింది అని మాత్రమే ఉంది. మేమే తెచ్చి ఇచ్చామని రాయమన్నాను. అలా రాసే పద్ధతి లేదంది. పేరా వద్దు, వాక్యం వద్దు, 'స్వచ్ఛందంగా' అని ఒక్క మాట చాలన్నాను. ఆవిడ నన్ను చూసి నిట్టూర్చి, ఆ ఒక్క మాట చేర్చింది. నా జీవితంలో అంత చిన్న రాయితీ కోసం అంతగా చెమట పట్టింది ఎప్పుడూ లేదు.

సోమవారం ఇంటర్వ్యూ అధికారి కూడా ఆడమనిషే. చెయ్యెత్తి ప్రమాణం చేశాను. ఇంగ్లీషు చదివాను, రాశాను, ఈ దేశ చరిత్ర ప్రశ్నలకి జవాబులు చెప్పాను. తర్వాత అప్లికేషన్‌లో ఉన్న ప్రశ్నలు ఒక్కొక్కటే చదువుతూ పోయింది. నో, నో, నో అంటూ వస్తున్నాను. ఆ ప్రశ్న వచ్చింది. అందులో మిగతా ప్రశ్నలకి లేని ప్రత్యేకత ఏమీ లేదు. అదే గొంతు, అదే వేగం. 'నో' అంటే తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోతుంది.

ఎంత చెప్పాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది వదిలెయ్యాలి అని పొడుగుదీ పొట్టిదీ ఎన్నో రకాల జవాబులు తయారు చేసుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు.

"మా అమ్మ ఒక పిరమిడ్ దగ్గర రాయి తీసింది," అన్నాను. "నాకు తెలిశాక వారం పైగా మా ఇంట్లోనే ఉంది. తర్వాత ఇచ్చేశాం."

ఆవిడ మొదటిసారి తలెత్తింది. "ఎందుకు తీసింది?"

"దేవుడనుకుంది."

"దేవుడేనా?"

ప్రమాణం చేశాను కదా. "అక్కడివాళ్ళ దేవుడే," అన్నాను.

కాగితం చూపించాను. చదివింది. కాపీ తీసుకుంది. అమ్మ పూర్తి పేరు అడిగింది. ఒక్కొక్క అక్షరం విడివిడిగా చెప్పాను. టైప్ చేసింది. చాలాసేపు చేసింది. మధ్యలో ఆగి, ఏదో చెరిపి మళ్ళీ చేసింది. చివర్లో పరీక్ష పాసయ్యానని, నిర్ణయం మాత్రం ఈరోజు చెప్పలేనని ఒక కాగితం చేతిలో పెట్టింది. ఎన్నాళ్ళు పడుతుందన్నాను. పై అధికారి చూడాలంది. ఒక తేదీ దగ్గరగానైనా చెప్పమందామని నోటి దాకా వచ్చింది. అక్కడ బేరం లేదని ఆవిడ మొహం చూస్తేనే తెలుస్తోంది.

పార్కింగ్‌లో కారు వెనక సీట్లో అమ్మ, ముందు మా ఆయన ఎదురుచూస్తున్నారు. ఎక్కి తలుపు వేసుకున్నాను.

"ఏమన్నరు?" అన్నాడాయన.

"ఇంకా ఏమీ అనలేదు."

"అడిగిన్రా?"

"అడిగారు. చెప్పాను."

కారు కదల్లేదు. వెనకనుంచి అమ్మ అడిగింది. "నేను తీశానని చెప్పావా, ఎవరో ముసలావిడ అన్నావా?"

"మా అమ్మ అనే చెప్పాను."

"పేరు?"

"రాసుకుంది."

అమ్మ చీర కొంగు సర్దుకుంది. "అయితే నన్ను మళ్ళీ రానివ్వరేమోనే," అంది. మామూలుగానే అంది. నేను వెనక్కి తిరిగి, "అలాంటిదేం లేదు," అనబోయాను. ఎవరికైనా ఏదో ఒకటి సర్దిచెప్పడం నాకు అలవాటే. కానీ నాకే తెలియని సరుకుని ఎలా అమ్మేది?

"తెలీదమ్మా," అన్నాను.

ఇది రాస్తున్న రోజుకి జవాబు రాలేదు. ఆమె తిరుగు టికెట్ వచ్చే నెల. పొద్దున లేవగానే నా అప్లికేషన్ ఎంతవరకు వచ్చిందో ఫోన్లో చూస్తాను, ఇంకా పరిశీలనలో ఉందన్న అదే వాక్యం ఉంటుంది. ఆమె పూజ ముగించుకుని వచ్చి నా మొహం చూస్తుంది. అడగదు. ఈమధ్య తన పాస్‌పోర్ట్ తెచ్చి నా చేతికిచ్చి, ఆ అమెరికా వీసా ఉన్న పేజీ తీసి చూపించమంటోంది. చూపిస్తాను. కళ్ళద్దాలు సరిచేసుకుని అక్కడున్న గడువు తేదీని వేలితో తడిమి చూసి, మూసి నాకే ఇచ్చేస్తుంది, నీ దగ్గరే ఉంచవే అని.